రన్‌క్వెరీని తీసివేయడానికి పద్నాలుగు నెలలు

కర్నూలు మార్కెట్ యార్డులోని కొన్ని కమీషన్ దుకాణాలకు లెక్కల ప్రోగ్రాం రాసి, దాని బాగోగులు చూసుకోవడం నా పని. పొద్దున లాట్ల నమోదుతో మొదలై, కాటా తూకం, వేలంలో పలికిన ధర, హమాలీ కూలి, లారీ బాడుగ, రైతు ఖాతాకు జమ, సాయంత్రం చిట్టా వరకు అన్నీ ఒకే డేటాబేసులోకి చేరుతాయి. ఆ డేటాబేసుతో మాట్లాడటానికి పైథాన్ భాషలో ఒక చిన్న లైబ్రరీని, అంటే ఇతర ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్ మూటను, నేనే రాసుకున్నాను. అది ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే పెద్ద లైబ్రరీని ఆధారం చేసుకుని నడుస్తుంది. నా లైబ్రరీలో మొదటి రోజు నుంచి ‘రన్‌క్వెరీ’ అనే మెథడ్, అంటే పేరుతో పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, ఒకటి ఉండేది. డేటాబేసుకు అర్థమయ్యే ఎస్‌క్యూఎల్ భాషలో ఒక వాక్యం ఇస్తే దాన్ని డేటాబేసుకు పంపి ఫలితం తెచ్చి ఇవ్వడమే దాని పని. 2024 ఏప్రిల్‌లో దాన్ని తీసివేశాను. చెరిపినవి ఆరు వరుసల కోడ్. వాటిని చెరపడానికి ముందు గడిచిన పద్నాలుగు నెలల్లో ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో వివరంగా రాయాలనుకుంటున్నాను. కొత్త మెథడ్‌ను ఎలా చేర్చాలో నేర్పేవారు ఎంతోమంది ఉన్నారు. అందరూ వాడుతున్న పాతదాన్ని ఎవరికీ నష్టం కలగకుండా ఎలా తీయాలో నాకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఒక మెథడ్‌ను డిప్రికేట్ చేయడం అంటే, ‘ఇది ఇప్పటికి పనిచేస్తుంది కానీ ఇకపై వాడవద్దు, ఫలానా వెర్షన్‌లో తీసివేస్తాం, బదులుగా ఇది వాడండి’ అని ముందుగా తెలియజేయడం. ఈ ప్రకటనలో మూడు మాటలు ఉన్నాయి: పోతుందని, ఎప్పుడు పోతుందని, దాని స్థానంలో ఏముందని. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వాడేవారికి ఆ ప్రకటన ఉపయోగపడదు. పోతుందని మాత్రమే చెప్పి, ఎప్పుడో చెప్పకపోతే ఎవరూ కదలరు. ఎప్పుడో చెప్పి, బదులు ఏమిటో చెప్పకపోతే భయపడతారే తప్ప మారలేరు.

నాకు ఈ పని నెత్తిన పడటానికి కారణం ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో వచ్చిన మార్పు. మైక్ బేయర్ 2006లో విడుదల చేసిన ఆ లైబ్రరీలో, డేటాబేసుకు కనెక్షన్లు ఇచ్చే ఇంజన్ అనే వస్తువు మీద నేరుగా ‘ఎగ్జిక్యూట్’ అని పిలిచి ఎస్‌క్యూఎల్ నడిపే సౌకర్యం చాలా ఏళ్లపాటు ఉండేది. నా రన్‌క్వెరీ లోపల ఉన్నది కూడా అదే. 2021 మార్చిలో వచ్చిన 1.4 వెర్షన్ దాన్ని డిప్రికేట్ చేసింది. 2023 జనవరి 26న విడుదలైన 2.0 వెర్షన్ దాన్ని పూర్తిగా తీసివేసింది. ఆ రెంటి మధ్య దాదాపు రెండేళ్ల గడువు ఉంది. ఆ గడువును నేను గమనించనే లేదు, ఎందుకో తరువాత చెబుతాను.

ముందుగా, అంత సులువైన మెథడ్‌ను ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీవారు ఎందుకు తీశారో అర్థం చేసుకోవాలి. ఆ కారణం నా అనుభవంలోనే దొరికింది.

మా ప్రోగ్రాంలో ఒక లాటు అమ్ముడైతే డేటాబేసులో వరుసగా మూడు నమోదులు జరుగుతాయి. మొదటిది లాటు వివరం, అంటే ఎన్ని సంచులు, ఎంత తూకం, ఏ ధర. రెండవది రైతు ఖాతా నుంచి బాడుగ, హమాలీ కోత. మూడవది అమ్మకపు సొమ్మును రైతు ఖాతాకు జమ వేయడం. పాత పద్ధతిలో ఈ మూడూ మూడు విడివిడి రన్‌క్వెరీ పిలుపులు. ప్రతి పిలుపూ ఒక కనెక్షన్ తీసుకుని, వాక్యం నడిపి, దానంతట అదే కమిట్ చేసి, కనెక్షన్‌ను తిరిగి ఇచ్చేది. కమిట్ అంటే డేటాబేసు ఆ మార్పును ఇక శాశ్వతమని ఒప్పుకోవడం. కొన్నేళ్ల కింద ఒక మధ్యాహ్నం, రెండవ నమోదుకూ మూడవ నమోదుకూ మధ్య కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే పాడై ఉంది. కంప్యూటర్ మళ్లీ లేచిన తరువాత లాటు ఉంది, కోత ఉంది, జమ లేదు. నాలుగు రోజులకు ఆ రైతు సొమ్ము కోసం వస్తే, ప్రోగ్రాం తీసి చూసిన గుమాస్తాకు ఆయన ఖాతాలో దుకాణానికే ఆయన బాకీ ఉన్నట్టు కనిపించింది. నలభైరెండు సంచుల ఉల్లిగడ్డలు తెచ్చి అమ్ముకున్న మనిషికి, నువ్వే మాకు ఇవ్వాలి అని తెర చూపించడం ఎంత అన్యాయమో చెప్పనక్కరలేదు. అమ్మకం లెక్క రాసి ఇచ్చిన పట్టీ కాగితం ఆయన జేబులో ఉంది కాబట్టి పది నిమిషాల్లో తేలిపోయింది. కానీ ఆ పది నిమిషాలు ఆయన ముఖం ఎలా ఉందో గుమాస్తా నాకు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆ లెక్క నన్ను వదలలేదు.

ఆ మూడు నమోదులూ ఒకే లావాదేవీగా జరగాలి. జరిగితే మూడూ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు. ఇది డేటాబేసు ఇచ్చే అతి ముఖ్యమైన హామీ, దానికోసమే డేటాబేసు వాడుతున్నాం. పిలిచిన ప్రతిసారీ తనంతట తాను కమిట్ చేసే మెథడ్ ఆ హామీని వాడేవారికి తెలియకుండానే పక్కన పెడుతుంది. పైగా పాత ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఎప్పుడు కమిట్ చేయాలో ఎలా తెలుసుకునేదంటే, మనమిచ్చిన వాక్యం ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ వంటి మార్పు చేసే మాటతో మొదలైందా అని చూసేది. సమాచారం చదవమని చెప్పే సెలెక్ట్‌తో మొదలై, లోపల ఒక ఫంక్షన్‌ను పిలిచి, ఆ ఫంక్షన్ ద్వారా రాత జరిగే వాక్యమైతే, ప్రత్యేకంగా చెబితే తప్ప అది రాతగా గుర్తించేది కాదు. అంటే ఒకే మెథడ్ కొన్నిసార్లు భద్రపరుస్తుంది, కొన్నిసార్లు భద్రపరచదు. పిలిచే వరుసను చదివి అది ఏం చేస్తుందో చెప్పలేని మెథడ్‌ను ఉంచడం కంటే తీసివేయడమే సబబని వారు నిర్ణయించారు. నేను దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

ఏకీభవించడం వేరు, సరిగా చేయడం వేరు. 2023 మార్చిలో నేను చేసిన తప్పు ఇది.

రన్‌క్వెరీకి బదులుగా ‘లావాదేవీ’ అనే కొత్త మార్గం రాశాను. ఒక కనెక్షన్ తెరిచి, ఆ మూడు నమోదులనూ దానిలోనే వరుసగా నడిపి, చివర కనెక్షన్‌ను మూసివేయడం దాని పని. పరీక్ష కోసం ఒక దుకాణంలో రెండవ కంప్యూటర్ పెట్టించి, అసలు ప్రోగ్రాం నడుస్తుండగానే దీనిలోనూ అవే లాట్లు నమోదు చేయమని గుమాస్తాను కోరాను. ఆయన వయసులో నాన్న కంటే పెద్దవారు. నేను పెద్దనాయనా అని పిలుస్తాను. చేతిరాత ఖాతాల కాలం నుంచి అదే దుకాణంలో ఉన్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగినప్పుడు తడిసి ముద్దయిన ఖాతా పుస్తకాలను మేడ మీద ఒక్కొక్క పుటా విడదీసి ఆరబెట్టిన మనిషి. అందుకే కంప్యూటర్‌లో వేసినా కార్బన్ ప్రతి లేనిదే ఏ పట్టీ రాయరు.

సాయంత్రం ఆయన ఫోను వచ్చింది.

“పొద్దున్నుంచి ముప్పై ఏడు లాట్లు ఏసినానమ్మా. ఏసిన ప్రతిసారీ నమోదైంది అని సూపిచ్చింది. సిట్టా తీస్తే ఒగటీ ల్యా. యాడికి పోయినాయి?”

నేను వెళ్లి చూశాను. లాట్ల పట్టిక నిజంగానే నిన్నటి దగ్గర ఆగి ఉంది. చివరి లాటు సంఖ్య 4112. ఏమీ తోచక, చేతితో ఒక ఖాళీ లాటును నేరుగా డేటాబేసులో చేర్చి చూస్తే దానికి 4113 రావలసింది పోయి, 4150 వచ్చింది. ఆ అంకె చూసిన క్షణంలో నాకు విషయం అర్థమైంది. మధ్యలో పోయిన సంఖ్యలు సరిగ్గా ముప్పై ఏడు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో సమాచారాన్ని భద్రపరిచే ఇన్నోడీబీ అనే భాగం వరుస సంఖ్యలను ఇచ్చేటప్పుడు లావాదేవీ రద్దయినా ఇచ్చిన సంఖ్యను తిరిగి తీసుకోదు. అంటే ఆ ముప్పై ఏడు లాట్లూ లోపలికి వచ్చాయి, సంఖ్యలు కూడా పొందాయి, కమిట్ అనే ఒక్క మాట లేనందువల్ల కనెక్షన్ మూసిన ప్రతిసారీ ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్లిపోయాయి. పాత రన్‌క్వెరీ అడగకుండానే చేసిపెట్టిన కమిట్‌ను కొత్త మార్గంలో నేనే చేయాలి, నేను చేయలేదు. ఎక్కడా దోషం తలెత్తలేదు కాబట్టి తెర మీద నమోదైంది అనే మాట ప్రతిసారీ వచ్చింది.

పరీక్ష కంప్యూటర్ కాబట్టి రైతులెవరికీ నష్టం లేదు. అయినా ఆయన తన కార్బన్ ప్రతులు ముందు పెట్టుకుని ముప్పై ఏడూ మళ్లీ వేశారు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదివి వినిపించాను. దిద్దుబాటు చాలా చిన్నది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో కనెక్ట్‌కు బదులు ‘బిగిన్’ అని తెరిస్తే, లోపలి పని సాఫీగా ముగిసినప్పుడు అదే కమిట్ చేస్తుంది, మధ్యలో దోషం వస్తే అన్నిటినీ రద్దు చేస్తుంది. ఒక్క మాట మార్చాను. ఆ రోజు నుంచి, నమోదు చేసే ప్రతి పరీక్షా ఇంకొక కొత్త కనెక్షన్ తెరిచి ఆ నమోదు నిజంగా ఉందో లేదో చూడాలని నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే రాసిన కనెక్షన్‌నే అడిగితే కమిట్ కాని నమోదును కూడా అది ఉన్నదిగానే చూపిస్తుంది.

పాత మెథడ్‌ను తీయబోయే ముందు అది బయటికి చెప్పిన పనులతోపాటు చెప్పకుండా చేస్తున్న పనులను కూడా జాబితా రాసుకోవాలని ఆ సంఘటన నాకు నేర్పింది. నా రన్‌క్వెరీ చేస్తున్న చెప్పని పనులు మూడు తేలాయి: కమిట్ చేయడం, కనెక్షన్‌ను తిరిగి ఇవ్వడం, మామూలు అక్షరాల వరుసను ఎస్‌క్యూఎల్‌గా స్వీకరించడం. ఈ మూడవదాన్ని కూడా 2.0 మానివేసింది. ఇప్పుడు ఆ అక్షరాలను ‘టెక్స్ట్’ అనే దానిలో చుట్టి ఇస్తేనే తీసుకుంటుంది, లేకపోతే ఇది నడిపే వస్తువు కాదని నిర్మొహమాటంగా ఆపేస్తుంది. మొదటి లోపం మౌనంగా జరిగింది, మూడవది గట్టిగా అరిచింది. గట్టిగా అరిచిన దానివల్ల నాకు ఒక్క రోజు కూడా వృథా కాలేదు.

ఇతర లైబ్రరీలు ఇదే పనిని ఎలా చేశాయో అప్పుడు శ్రద్ధగా చదివాను. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో ‘మైఎస్‌క్యూఎల్ క్వెరీ’ మొదలైన పాత ఫంక్షన్ల కథ మా తరం వారందరికీ తెలిసిందే. వాటి బదులు వాడదగిన మైఎస్‌క్యూఎల్‌ఐ 2004లోనే పీహెచ్‌పీ 5తో వచ్చింది, పీడీఓ ఆ మరుసటి ఏడాది 5.1తో వచ్చింది. పాతవాటిని అధికారికంగా డిప్రికేట్ చేసింది 2013లో 5.5 వెర్షన్‌లో. తీసివేసింది 2015 డిసెంబరులో 7.0 వెర్షన్‌లో. బదులు వచ్చిన పదకొండేళ్లకు పాతది పోయింది. అంత గడువు ఇచ్చినా కొన్ని పాత సైట్లు 7.0కు మారిన రోజున ఆగిపోయాయి. నాకు వచ్చిన మొదటి ఉద్యోగపు పనుల్లో ఒకటి అటువంటి సైటును లేపి నిలబెట్టడం.

మాంగోడీబీ అనే డేటాబేసును పైథాన్ నుంచి వాడటానికి ఉన్న పైమాంగో లైబ్రరీ చేసిన పద్ధతి నాకు ఎక్కువగా నచ్చింది. అందులో నమోదులు ఎన్ని ఉన్నాయో చెప్పే ‘కౌంట్’ అనే మెథడ్ ఉండేది. షరతు లేకుండా పిలిస్తే అది నిజంగా లెక్కించకుండా, డేటాబేసు తన దగ్గర రాసిపెట్టుకున్న సంఖ్యను చెప్పేది. ఆ సంఖ్య కొన్ని పరిస్థితుల్లో తప్పు కావచ్చు. షరతు ఇచ్చి పిలిస్తే లెక్కించేది. యార్డులో దింపిన లాటును దూరం నుంచి చూసి నలభై సంచులుంటాయని చెప్పడం ఒకటి, ఒక్కొక్క సంచినీ కాటా మీదికి ఎక్కించి చెప్పడం ఒకటి. రెంటికీ అవసరం ఉంది, కానీ రెంటికీ ఒకే పేరు ఉండకూడదు. 2018లో 3.7 వెర్షన్ కౌంట్‌ను డిప్రికేట్ చేసి, దాన్ని రెండుగా విడదీసింది. కచ్చితంగా లెక్కించేది ‘కౌంట్ డాక్యుమెంట్స్’, అంచనా చెప్పేది ‘ఎస్టిమేటెడ్ డాక్యుమెంట్ కౌంట్’. 2021లో 4.0 వెర్షన్ పాతదాన్ని తీసివేసింది. ఇప్పుడు రాసేవారే అంచనా కావాలా, లెక్క కావాలా అని నిర్ణయించుకుని రాయాలి. పాత పేరు వారి తరఫున మౌనంగా తీసుకున్న నిర్ణయాన్ని తిరిగి వారి చేతికి ఇవ్వడం అది.

అక్కడే ఇంకొక సూక్ష్మం ఉంది. పైమాంగోలో ఒక కలెక్షన్ (పట్టిక వంటిది) పేరు తరువాత చుక్క పెట్టి ఏ మాట రాసినా, అది తెలిసిన మెథడ్ కాకపోతే, లోపలి కలెక్షన్ పేరుగా భావించి ఒక కొత్త కలెక్షన్ వస్తువును ఇస్తుంది. కాబట్టి కౌంట్‌ను తీసివేసిన తరువాత కూడా ఆ పేరు ‘ఉన్నట్టే’ కనిపిస్తుంది. ఈ మెథడ్ ఉందా అని అడిగే కోడ్‌కు ఉందనే సమాధానం వస్తుంది. పిలిచినప్పుడు మాత్రమే, కలెక్షన్ అనేది పిలవదగినది కాదని, మీరు కౌంట్ అనే మెథడ్‌ను ఉద్దేశించి ఉంటే అటువంటి మెథడ్ లేదని వివరంగా దోషం చూపిస్తుంది. ఆ దోష సందేశం రాసినవారు వాడేవారి స్థానంలో నిలబడి ఆలోచించారు. నా తీసివేతలో వారినే అనుసరించాను.

ఇక నేను రెండేళ్ల గడువును ఎందుకు గమనించలేదో చెప్పాలి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.4లో ఈ హెచ్చరికలు వాటంతట అవి కనిపించవు. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే ప్రోగ్రాంకు బయట కంప్యూటర్‌లో పెట్టే ఒక సెట్టింగును, ఒకటి అని పెట్టినప్పుడే కనిపిస్తాయి. ఆ సంగతి వారి పత్రాల్లో స్పష్టంగా ఉంది. ఒక్కసారిగా వేలకొద్దీ హెచ్చరికలు కురిపించి వాడేవారిని ఇబ్బంది పెట్టకూడదన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. అయితే నావంటివారు, పనిచేస్తున్నదాని పత్రాలను మళ్లీ తెరిచి చదవరు. 2.0 రావడానికి కొద్ది రోజుల ముందు వచ్చిన 1.4.46 వెర్షన్‌లో మాత్రం, పాత పద్ధతులు ఏవైనా వాడుతుంటే అడగకుండానే ఒకసారి హెచ్చరిక చూపించేలా చేశారు. నేను మేలుకున్నది దానితోనే. పైథాన్ భాషలో కూడా ఇదే సమస్య ఉంది. డిప్రికేషన్ హెచ్చరికలను అది మామూలుగా దాచి ఉంచుతుంది. 3.7 వెర్షన్ నుంచి మనం నేరుగా నడిపే ప్రధాన ఫైలులో తలెత్తినవి మాత్రం చూపిస్తుంది. లైబ్రరీల లోపల జరిగేవి దాగే ఉంటాయి. చెప్పామన్న తృప్తి చెప్పేవారికి మిగులుతుంది, వినవలసినవారి చెవిన ఏమీ పడదు.

కాబట్టి రన్‌క్వెరీకి నేను పెట్టిన హెచ్చరికను తెర మీద చూపించకుండా, ప్రతి దుకాణం కంప్యూటర్‌లో జరిగినవి రాసుకునే ఒక లాగ్ ఫైలులోకి పంపాను. గుమాస్తాకు డిప్రికేషన్ గురించి చెప్పి ప్రయోజనం లేదు, మార్చవలసింది నేను. హెచ్చరిక నా లైబ్రరీలోని వరుసను చూపించకుండా దాన్ని పిలిచిన వరుసను చూపించేలా స్టాక్‌లెవెల్ అనే సెట్టింగును రెండుగా పెట్టాను. ఈ చిన్న సంగతి మరిచిపోతే వందల హెచ్చరికలూ ఒకే ఫైలులోని ఒకే వరుసను చూపిస్తాయి, వాటితో చేయగలిగింది ఏమీ ఉండదు. రోజూ రాత్రి బ్యాకప్‌తోపాటు ఆ ఫైలు కూడా నాకు చేరేది.

కోడ్‌లో వెతికితే అరవై ఒక్క చోట్ల రన్‌క్వెరీ కనిపించింది. మే నుంచి జులై వరకు వాటిని ఒక్కొక్కటిగా మార్చాను. చాలావరకు యాంత్రికమైన పనే కాబట్టి వివరించనక్కరలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఎక్కడెక్కడ రెండు మూడు పిలుపులు వరుసగా ఉన్నాయో అక్కడ ఆగి, ఇవి కలిసి జరగవలసినవా, విడిగా జరగవచ్చా అని దుకాణంవారిని అడిగాను. అది కోడ్ చూసి చెప్పగలిగిన విషయం కాదు. ఉదాహరణకు, రైతుకు ఇచ్చిన అడ్వాన్సును పట్టీలో కోయడం, అడ్వాన్సు ఖాతాలో ఆ మేరకు తగ్గించడం తప్పనిసరిగా కలిసి జరగాలి. లాటు వివరం నమోదు కావడం, దాని ధర రైతుకు ఎస్సెమ్మెస్‌గా వెళ్లడం కలిసి జరగకూడదు, ఎందుకంటే మెసేజ్ పోలేదని లాటును రద్దు చేయలేం. పాత మెథడ్‌ను తీసే పని చివరికి వ్యాపారం గురించి నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగించింది. ఆ జవాబులన్నీ మొదటి రోజే అడిగి రాసుకోవలసినవి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఖరీఫ్ ఉల్లి యార్డుకు పోటెత్తుతుంది. ఆ రెండు నెలలు నేను దేనినీ ముట్టుకోలేదు. లారీలు బారులు తీరి ఉన్నప్పుడు లైబ్రరీ మార్చడం ఎవరూ క్షమించరు. నవంబరు, డిసెంబరు లాగ్ ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క దుకాణం నుంచి కూడా ఒక్క హెచ్చరిక రాలేదు. జనవరిలో తీసివేద్దామని నిశ్చయించుకుని, మరొకసారి అన్ని కంప్యూటర్లూ చూసి వద్దామని యార్డుకు వెళ్లినప్పుడు పెద్దనాయనతో ఆ మాట అన్నాను. పాతదాన్ని ఇప్పుడు ఎవరూ వాడటం లేదని, తీసేస్తున్నానని చెప్పాను.

“మార్చి కానీ తల్లీ,” అన్నారాయన. “సమత్సరానికి ఒగసారి తెరిసే పెట్టెలు ఉంటాయి. మార్చి ఆకర్న లెక్క ముగిచ్చేటప్పుడు అవన్నీ తెరుస్తాము.”

ఆయన ప్రోగ్రాం గురించి ఏమీ ఎరగరు, లెక్కల సంవత్సరం గురించి మాత్రం బాగా ఎరుగుదురు. తీసివేతను ఆపాను. 2024 మార్చి 31 ఆదివారం రాత్రి ఒక దుకాణం లాగ్ ఫైలులో మూడు హెచ్చరికలు వచ్చాయి. సంవత్సరం ముగిసేటప్పుడు ప్రతి రైతు ఖాతా నిల్వను కొత్త సంవత్సరానికి తీసుకుపోయే నివేదిక రన్‌క్వెరీని పిలుస్తోంది. నా వెతుకులాటలో అది ఎందుకు దొరకలేదంటే, ఆ పేరు కోడ్‌లో లేదు. ఏ నివేదికకు ఏ మెథడ్‌ను పిలవాలో చెప్పే పట్టిక డేటాబేసులోనే ఉంది, పేరు దానిలో అక్షరాలుగా రాసి ఉంది. కోడ్‌లో వెతికితే డేటాలోని పేరు దొరకదు. జనవరిలో తీసివేసి ఉంటే, లెక్కలు ముగించే రాత్రి ఆ దుకాణంవారి నిల్వలు ముందుకు పోకుండా ఆగిపోయేవి.

డిప్రికేషన్ గడువు ఎంత ఉండాలన్నదానికి పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో వంటి ప్రాజెక్టులు స్పష్టమైన నియమం పెట్టుకున్నాయి. ఒక సౌకర్యాన్ని డిప్రికేట్ చేసిన తరువాత కనీసం రెండు ఫీచర్ విడుదలల పాటు అది హెచ్చరిస్తూ పనిచేయాలి. ప్రపంచమంతటా వాడే లైబ్రరీకి అది తగిన నియమమే. నా వంటి చిన్న లైబ్రరీకి గడువును విడుదలలతో కొలవడం సరిపోదు. వాడేవారి పని ఒక పూర్తి చుట్టు తిరిగిరావాలి. యార్డుకు ఆ చుట్టు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. బడికైతే జూన్ నుంచి ఏప్రిల్ కావచ్చు.

పాత పేరును ఉంచి లోపలి పనిని మాత్రం మార్చవచ్చు కదా, ఎవరూ ఏమీ మార్చుకోనక్కరలేదు కదా అని ఒక మిత్రుడు సూచించాడు. నాకు అది ఏమాత్రం సమ్మతం కాదు. మా ఊరిలో ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేటలు ఉన్నాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం ఏర్పడినవి. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా పేర్లు నిలిచాయి. ఊరి పేటలకు పాత పేరు ఉంటే ఎవరికీ నష్టం లేదు, సి క్యాంపు అంటే ఎక్కడికి పోవాలో ఆటో డ్రైవరుకు తెలుసు. మెథడ్ పేరు అలా కాదు. రన్‌క్వెరీ అని రాసిన ప్రతి చోటా, రాసినవారు అది కమిట్ చేస్తుందని నమ్మి రాశారు. పేరు అదే ఉంచి కమిట్‌ను తీసేస్తే ఆ ముప్పై ఏడు లాట్ల వంటివి అన్ని దుకాణాల్లోనూ మాయమవుతాయి, అప్పుడు పరీక్ష కంప్యూటర్‌లో కాదు, అసలు లెక్కల్లోనే. అర్థం మారినప్పుడు పేరు కూడా మారి తీరాలి. పాత పేరు పిలిచినవారికి దోషం కనిపించి తీరాలి.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ పట్టికను సరిచేశాను. మిగతా దుకాణాల డేటాబేసుల్లో కూడా అదే పట్టికను వెతికితే మరొక రెండు చోట్ల ఆ పేరు దొరికింది, అవీ మార్చాను. తరువాత రన్‌క్వెరీలోని ఆరు వరుసలూ చెరిపి, ఆ పేరుతో ఒకే పని చేసే వరుసను ఉంచాను. ఎవరు పిలిచినా డేటాబేసును తాకకుండా, ‘రన్‌క్వెరీని తీసివేశాం, బదులుగా లావాదేవీని వాడండి, కలిసి జరగవలసిన నమోదులను ఒకే లావాదేవీలో ఉంచండి’ అని తెలుగులో దోషం చూపిస్తుంది. మళ్లీ ఒక మార్చి దాటిన తరువాత ఆ వరుసను కూడా తీసివేయాలని అనుకున్నాను. ఇది వాడేవారి కోడ్‌ను ఆపే మార్పు కాబట్టి లైబ్రరీ వెర్షన్ సంఖ్యలో మొదటి అంకెను పెంచాను. రన్‌క్వెరీని పిలిస్తే తప్పకుండా దోషం రావాలి అని ఒక పరీక్ష కూడా రాశాను. రేపెప్పుడో నేనే మరిచిపోయి ఆ పేరుతో కొత్తది రాయబోతే అది నన్ను ఆపుతుంది.

ఏప్రిల్ 9న ఉగాది. పండుగ నాడు వేలం ఉండదు కాబట్టి, పొద్దున పచ్చడి తిని యార్డుకు వెళ్లి, దుకాణం దుకాణం తిరిగి కొత్త వెర్షన్ వేసి వచ్చాను. పెద్దనాయన తాళం తీసి, కొత్త ఖాతా పుస్తకం మొదటి పుటకు పసుపు కుంకుమ పెడుతూ కూర్చున్నారు. పదో తేదీ మధ్యాహ్నానికి ఆయన వేసిన లాట్లు పంతొమ్మిది. నేను ఇంటి నుంచే ఇంకొక కనెక్షన్ తెరిచి లెక్క చూశాను. పంతొమ్మిదీ ఉన్నాయి, సంఖ్యల మధ్య ఒక్క ఖాళీ లేదు.